దానంతట అదే

"అన్నీ వేసి నాబ్ తిప్పడమే. మిగతాదంతా దానంతట అదే చూసుకుంటుంది."

మా ఆయన ఈ మాట ఏడాదికోసారి అంటారు, అందరిముందూ. చలి ముదిరాక ఒక ఆదివారం ఆయన తోడబుట్టినవాళ్ళంతా పిల్లాపాపలతో మా ఇంటికి వస్తారు. ఆపిల్ పళ్ళను మసాలా దినుసులతో సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉడికించి, వడకట్టి, వేడివేడిగా తాగే సైడర్ ఆ రోజు ప్రత్యేకం. ఆయన స్లో కుక్కర్ అనే కరెంటు గిన్నె ముందు నిలబడి పెద్ద గరిటెతో కప్పుల్లో పోస్తూ, ఎవరో ఒకరు ఎలా చేస్తారని అడిగేదాకా ఆగి, అప్పుడంటారు ఆ మాట. "అన్నయ్య సైడర్ తాగాక బయట దొరికేది నోట పెట్టలేం" అంటుంది మా ఆడపడుచు. నేను సింకు దగ్గర పిప్పి పట్టిన గుడ్డ ఉతుకుతూ వింటూ ఉంటాను. ఆ గుడ్డ వెంటనే ఉతక్కపోతే మరకలు పోవు.

ఆ కుక్కర్ నా పుట్టినరోజుకి ఆయన ఇచ్చిన కానుక. "ఇక నీకు విశ్రాంతే" అన్నారు పెట్టె చేతికిస్తూ. పక్కనే ఉన్న అత్తయ్య, తమ రోజుల్లో పొయ్యి ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకునేవాళ్ళమనీ, ఈ కాలంవాళ్ళకేం, మీట నొక్కితే చాలనీ అంది. నేనూ సంబరపడ్డాను. అబద్ధమెందుకు, ఆ రోజు నిజంగానే విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. కానీ కుక్కర్‌కి చేతులు లేవు కదా. పుల్లటివి కొన్ని, తియ్యటివి కొన్ని పళ్ళు ఏరి తేవాలి. ఒట్టి తియ్యటివైతే రసం చప్పగా పంచదార నీళ్ళలా ఉంటుంది. కడిగి, ముక్కలు కోసి, గింజలున్న నడిమిభాగం తీసెయ్యాలి. లవంగాలు చిన్న మూట కట్టి వేసి సగం ఉడికాక తీసెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది. ముక్కలు మెత్తబడ్డాక మెదిపి, మళ్ళీ ఉడకనిచ్చి, పల్చటి గుడ్డలో పోసి వేలాడదీయాలి. తొందరపడి పిండితే బురదలా తయారవుతుంది. అందుకని దానంతట అది బొట్టు బొట్టుగా కారేదాకా కాచుకుని ఉండాలి. నిజానికి ఆ మాట సరిపోయేది అక్కడొక్కచోటే. ఇంత పనిలోనూ ఇంట్లోవాళ్ళు నా దగ్గర నేర్చుకున్నది ఒకటే, మధ్యలో మూత తీయకూడదని. వాసనకి ఆగలేక వచ్చినవాళ్ళల్లా మూత ఎత్తి చూస్తుంటే లోపలి వేడంతా పోయేది. అందుకని గట్టిగా చెప్పేశాను. మా ఆయన ఆ ఒక్క మాట మాత్రం మంత్రంలా పట్టుకున్నారు.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. అక్కడా అంతే, ఎవరికైనా వీడ్కోలంటే కప్పులూ ప్లేట్లూ నా బల్ల దగ్గరికే నడిచొస్తాయి. "మీకు చెయ్యి తిరిగిన పని కదా" అంటారు, మైక్రోస్కోప్ ముందు నా చెయ్యి ఎంత తిరిగిందో ఎవరికీ పట్టనట్టు. ఈ ఏడు మా సంస్థ కొత్త ల్యాబ్ తెరుస్తోంది. దాని బాధ్యత అప్పగించడానికి మనిషిని వెతుకుతున్నారు. పొద్దున రాతపరీక్ష, మధ్యాహ్నం ఇంటర్వ్యూ. క్రితంసారి ఇలాంటి అవకాశం వస్తే అత్తయ్య మోకాలి ఆపరేషన్ అని వెనక్కి తగ్గాను. మా పైఅధికారి ముక్కుసూటి మనిషి. నన్ను తన గదిలోకి పిలిచి, "ఈసారీ ఇంట్లో పనుందంటే ఇక నీ పేరు నేను చెప్పను. నాకూ మొహం చెల్లాలి కదా" అంది. తేదీ చూస్తే అది ఆ సైడర్ ఆదివారమే.

ఆ సంగతి మా ఆయనతో బట్టలు మడతపెడుతూ చెప్పాను. చెప్పేముందు ఎన్ని రకాలుగా అనుకున్నానో. ఆయన కోప్పడితే ఏమనాలో, అత్తయ్య మొహం ముడుచుకుంటే ఏమనాలో, అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పి, చాలా ప్రేమగా, "దానికేముంది, వెళ్ళు. పొద్దున్నే కుక్కర్ పెట్టేసి వెళ్ళు. దానంతట అదే అయిపోతుందిగా" అన్నారు. వెటకారమైనా బావుండేది. ఆయన నిజంగానే నమ్ముతున్నారు. నా చేతులు ఇన్నేళ్ళుగా ఆయన కళ్ళముందే కదులుతున్నాయి, ఒక్కసారైనా కనబడలేదన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎందుకో చెప్పాలి, అది చెప్పే ఓపిక లేక దుప్పటి మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున పళ్ళన్నీ కడిగి గట్టు మీద పెట్టాను. కత్తి తీసి మొదటి పండు సగం కోసినదాన్ని ఆగిపోయాను. ఇవన్నీ కోసి పెట్టి వెళ్ళినా, మెదపడానికి ఎవరున్నారు? లవంగాల మూట ఎవరు తీస్తారు? మధ్యలో ఏదో వంకన పరీక్ష వదిలి పరుగెత్తుకొస్తాను, నా సంగతి నాకు తెలుసు. అక్కడ కూర్చున్నా మనసంతా ఈ గిన్నెలోనే ఉంటుంది. కత్తి కింద పెట్టేశాను. పళ్ళు పళ్ళలాగే కుక్కర్‌లో సర్దాను. దాల్చినచెక్క, అల్లం, గుప్పెడు లవంగాలు, పంచదార వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి నాబ్ తిప్పాను. ఆయన పేపర్ చదువుకుంటున్నారు. అన్నీ వేసి నాబ్ తిప్పానని చెప్పాను. మంచిదన్నారు. చేతులు తుడుచుకుంటుంటే గుమ్మంలో అత్తయ్య కనబడింది. గట్టు మీద సగం కోసిన పండుని చూసింది, కుక్కర్ వైపు చూసింది, నన్ను చూసింది. ఇక అయిందనుకున్నాను. "బస్సుకి టైమవుతోంది, వెళ్ళు" అంది.

రాతపరీక్ష బాగానే రాశాను. మధ్యాహ్నం ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. వెనకాల పిల్లల నవ్వులూ, గోలా.

"ఏం చేసి వెళ్ళావసలు? పళ్ళు పళ్ళలాగే తేలుతున్నాయి" అన్నారు మా ఆయన.

"మీరు చెప్పినట్టే చేశాను. అన్నీ వేసి నాబ్ తిప్పాను."

"అందరూ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఎలాగోలా తొందరగా వచ్చెయ్" అన్నారు, గొంతు తగ్గించి. ఆ గొంతు నాకు అలవాటే, దానికి నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. లేచాను కూడా. అప్పుడే తలుపు తెరుచుకుని నా పేరు పిలిచారు. "నన్ను పిలుస్తున్నారు, పెట్టేస్తున్నా" అని ఫోన్ బ్యాగులో పడేసి లోపలికి నడిచాను.

ఇల్లు చేరేసరికి వెలుగు తగ్గుతోంది. చుట్టాలు టీ తాగి వెళ్ళిపోయారు. వంటింట్లో అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఖాళీ చేతులతో ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. జరిగింది ఆవిడే చెప్పింది. మా ఆయన పొద్దుటినుంచీ కుక్కర్‌కి కాపలా కాశారట, పిల్లలెవరూ మూత తీయకుండా. తనూ తీయలేదు. అందరూ చేరాక గరిటె పట్టుకుని, తన మాట తను చెప్పి, మూత ఎత్తారట. లోపల తొక్కలు పగిలిన పళ్ళు, వాటి చుట్టూ చేదు నీళ్ళు. మరిది నవ్వు ఆపుకోలేకపోయాడట. "ఏదో ఒకటి చెయ్యమ్మా" అని ఆయన తల్లివైపు తిరిగారట.

"మరి మీరేమన్నారు?"

"దానంతట అదే చూసుకుంటుందన్నావుగా నాన్నా, చూద్దాం అన్నాను." ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. "వాడి నాన్నా అనేవారు, నీదేముంది, చేసేదంతా పొయ్యే కదా అని. ఆయన్ని ఒక్కరోజు కూడా ఇలా నిలబెట్టలేకపోయాను."

నన్ను ఇన్నేళ్ళూ సాధించిన మనిషి, తనకి జరిగినదాన్నే నా మీద అంటూ వచ్చిందా? కోపం పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి చేరింది. ఆవిడ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెప్పుల నొప్పికి పాదాలు సలుపుతున్నాయి.

మా ఆయన వచ్చారు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడగలేదు. కుక్కర్ దగ్గర నిలబడి మూత తీసి, మళ్ళీ పెట్టి, "ఇంత సరుకు పారబోయడమేనా?" అన్నారు.

"అక్కర్లేదు. ముందు లవంగాలు ఏరెయ్యండి. తర్వాత పళ్ళు ఒక్కొక్కటే తీసి గింజలు తీసెయ్యండి. గుజ్జు మెదిపి, గుడ్డలో పోసి వేలాడదీయండి. పిండకండి."

ఆయన చేతిలో గరిటెతో నా వైపు చూశారు. నేను లేస్తానని చూస్తున్నారని తెలుసు. అత్తయ్యా నేనూ కదల్లేదు.

"చాలాసేపు పడుతుందా?" అన్నారు.

"పడుతుంది" అన్నాం ఇద్దరం.