గోడకు అవతలి గిలక

నేను ఒక బావి గిలకను. ఈ పెంకుటింటి వరండాలో దూలానికి వేలాడుతున్నాను కదా అని నన్ను అలంకారం అనుకోకండి, ఒళ్ళు మండుతుంది.

రాజమండ్రిలో నన్నూ మా అక్కనూ ఒకే రోజు ఇనుముతో పోతపోశారు. ఈ ఇల్లు కట్టిన బంగారయ్య మేష్టారు మా ఇద్దరినీ కొని తెచ్చాడు. సముద్రం దగ్గరి ఊరు కావడంతో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. ఆయన పెరటి చివర మాత్రం తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఆయన ప్రహరీగోడను సరిగ్గా ఆ బావి నడిమీదుగా కట్టించి, సగం బావి లోపలికీ సగం వీధిలోకీ ఉంచాడు. అక్కను లోపలివైపు, నన్ను వీధివైపు బిగించారు. మహానుభావుడని పొంగిపోకండి. వీధివాళ్ళు తన పెరట్లో అడుగుపెట్టకూడదనే ఆ గోడ. అయినా నీళ్ళు ఇచ్చాడు. తర్వాత వచ్చినవాళ్ళను చూశాక ఆయన మీద నా కోపం కాస్త తగ్గింది.

నలభై ఏళ్ళు ఆ వీధి అన్నం ఈ నీళ్ళతోనే ఉడికింది. తెల్లవారగానే మొదటి చేద పేరమ్మది. రొయ్యల చెరువుల మీద పనికి పోయే మనిషి, నీళ్ళు తోడుకుంటే గానీ పొయ్యి వెలిగించదు. నా కీచుమనే చప్పుడుకే మిగతా ఇళ్ళు లేచేవి.

మేష్టారు పోయాక ఇల్లు కొన్న మూర్తిరాజు దీన్ని సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పాతకాలపు ఇల్లు, ప్రశాంతమైన పల్లె అని బోర్డు పెట్టాడు. వచ్చినవాళ్ళు అక్క దగ్గర అరబిందె తోడి ఫోటో దిగి, స్నానానికి మోటారు వేసుకుంటారు. ఒక ఉదయం, టిఫిను తెచ్చిన మూర్తిరాజును ఒక పెద్దమనిషి నిలదీశాడు.

"ఏంటండీ ఈ కీచుగోల? ప్రశాంతంగా ఉంటుందన్నారనే కదా వచ్చాం."

"ఆపించేస్తానండి."

గోడవతల పేరమ్మ వింది. సాయంత్రం చెరువు మీద ఇంజన్లకు పూసే గ్రీజు పొట్లం కట్టి తెచ్చి, నా ఇరుసు నిండా కూరింది.

"ఇంక అరవకే అమ్మా. నువ్వరిస్తే మాకు నీళ్ళు పోతాయే," అంది.

మర్నాడు నేను నోరు మెదపలేదు. పేరమ్మ గేటు దగ్గర నిలబడి, "గిలక్కి గ్రీజెట్టానండి రాజుగారూ. ఇంక చప్పుడవదండి," అని చెప్పుకుంది.

"గిలక సరే, మీ మాటలో? పొద్దున్నే నలుగురూ చేరి మాట్లాడుకుంటారు కదే," అన్నాడాయన.

ఆ రోజే నన్ను ఊడదీసి, వీధివైపు బావి మీద సిమెంటు పలక పరిచి, నన్ను తెచ్చి ఈ వరండాలో వేలాడదీశారు. పల్లెను చూడ్డానికి వచ్చినవాళ్ళకు పల్లెవాళ్ళ గొంతు పనికిరాలేదు. సిగ్గులేని మనుషులు. ఇప్పుడా తియ్యటి నీళ్ళతో కార్లు కడుగుతున్నారు. పేరమ్మ రెండు బిందెలతో మైలున్నర నడిచి కాలవకు పోతోంది. ఆ నీళ్ళు వచ్చి పొయ్యి వెలిగేసరికి పనివేళ దాటిపోతోంది.

నిన్న అద్దెకు దిగినావిడ వరండాలో ఆగి నన్ను వేలితో తిప్పింది. "ఇంత పాతదైనా చూడండి, చప్పుడే లేదు," అని మురిసిపోయింది. అప్పుడే పేరమ్మ ఖాళీ బిందెలతో గేటు ముందు నుంచి వెళ్తోంది. వీధంతా అదిరేలా ఒక్కసారి కీచుమందామని చూశాను. గొంతు రాలేదు. ఆమె పెట్టిన గ్రీజు ఇంకా ఆరలేదు.