మారు వడ్డన

తలుపుకి ఉన్న ఉత్తరాల కన్నంలోకి కరపత్రాన్ని చెక్క గరిటెతో తోసి, గిరిజాకుమారి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఈలోగా లోపలి కుక్క గరిటె కొస పట్టేసింది. ఆవిడ గుంజింది, అదీ గుంజింది. చివరికి కుక్కే జాలిపడి వదిలేసింది. గరిటె కొస నిండా పంటిగాట్లు. ఒకప్పుడవి వేళ్ళ మీద పడేవి. పార్టీలో అందరూ ఈ ఉపాయాన్ని మెచ్చుకున్నారు, తలా ఒక గరిటె కొనుక్కున్నారు. కరపత్రాల కట్టలు మాత్రం ఆవిడకే ఎక్కువ అంటగడతారు.

డబ్లిన్ శివారు టాలట్‌లో శనివారం పొద్దున. వాన పడుతోందని చెప్పడానికి లేదు, పడటం లేదని చెప్పడానికీ లేదు. గిరిజాకుమారి యాభై దాటిన మనిషి, పొట్టి, కాస్త బొద్దు. మెట్టు కనబడితే ముందు ఎడమ మోకాలిని బతిమాలుకుంటుంది. వారమంతా వైద్య పరికరాల ఫ్యాక్టరీలో భూతద్దం కింద సన్నటి గొట్టాలు తిప్పి చూసి, గీత పడ్డవాటిని పక్కన పెట్టడం ఆవిడ ఉద్యోగం. శని, ఆదివారాలు పార్టీవి. పార్టీ అంటే ఆవిడకి డబ్లిన్ నడిబొడ్డున ఉన్న పెద్ద ఆఫీసు కాదు. కమ్యూనిటీ సెంటర్ వెనక గది, అందులో మడత పెట్టే ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మూల నీళ్ళు కాగే బాయిలరు. ఆ కుర్చీలు వేసేదీ, తీసేదీ, కప్పులు కడిగేదీ ఆవిడే.

అమలాపురం నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో నెలల తరబడి ఆవిడ తలుపు ఎవరూ తట్టలేదు. తట్టిన మొదటి మనిషి ఓట్లడగడానికొచ్చిన డెక్లన్. పేరు అడిగి, రెండోసారి వచ్చినప్పుడు ఆ పేరుతోనే పిలిచాడు. అంతే, కరిగిపోయింది. ఆ మర్నాడే పార్టీలో చేరింది. "మాకు ఐరిష్ పాస్‌పోర్టు లేదు కదాంటీ, ఓటెక్కడిది?" అనే కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కౌన్సిల్ ఎన్నికలకి ఇక్కడ కాపురం ఉంటే చాలు నాయనా అని నచ్చజెప్పి ఓటర్లుగా చేర్పించింది. ఎన్నికలొస్తే నిచ్చెనెక్కి దీపస్తంభాలకి ఎంతమంది అభ్యర్థుల ముఖాలున్న పోస్టర్లు కట్టిందో లెక్కలేదు. ఒక్కసారి తన ముఖం కట్టాలని ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా.

అలాంటిది, పాత కౌన్సిలర్ ఈసారి పోటీ నుంచి తప్పుకుంటున్నాడు. డెక్లన్ ఇప్పుడు స్థానిక శాఖ అధ్యక్షుడు. మొన్న కారు పార్కులో దగ్గరికొచ్చి, "ఈసారి నీ పేరే అనుకుంటున్నాం" అన్నాడు. అప్పట్నుంచీ గిరిజాకుమారికి అన్నం సయించడంలేదు. అభ్యర్థిని ఎన్నుకునే సభ ఈ మధ్యాహ్నమే.

ఇంటికొచ్చి పులిహోర కలిపింది. సభ ఏదైనా పులిహోర ఆవిడదే. వెంకటగిరి చీర కట్టుకుని మెట్లు దిగుతుంటే, కంప్యూటర్ ముందు కూర్చున్న మొగుడు మహీధర్ తలెత్తాడు.

"ఏవోయ్ కౌన్సిలర్ గారూ! నువ్వు గెలిస్తే నేను గేటు కాడ కుర్చీ ఏసుక్కూచుంటాను. అర్జీలట్టుకొచ్చినోళ్ళు ముందు నాకు దణ్ణం పెట్టాలి మరి."

"ఊరుకోండి. ఇంకా మీటింగే అవలేదు," అంది గానీ, నవ్వు ఆగలేదు.

"యూ లుక్ గ్రాండ్, మామ్," అంది కూతురు తన్వి, అచ్చం పక్కింటి ఐరిష్ పిల్లలాగే. ఇక్కడ బావుందన్నా, సరేనన్నా 'గ్రాండ్' అనే అంటారు.

సభకి జనం బాగానే వచ్చారు. తెలుగువాళ్ళలో ఆవిడ కాక ప్రిస్కిల్లా ఒక్కతే. గుంటూరు పిల్ల, నర్సు, ఈ మధ్యే పార్టీలో చేరింది. చేర్పించింది గిరిజాకుమారే. డెక్లన్ ముందు నుంచుని పేర్లు చెప్పమన్నాడు. మోరీన్ అనే ముసలావిడ లేచి గిరిజ పేరు చెప్పింది. బలపరుస్తూ చేతులు చాలా లేచాయి. 

"గిరిజా, నిలబడతావా మరి?" అన్నాడు డెక్లన్.

ఆవిడ లేచింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "అయ్యో, నాకెందుకండీ? నాకన్నా తెలిసినవాళ్ళు, పెద్దవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా," అంది. ఇంగ్లీషులోనే అంది గానీ, మాట తీరు మాత్రం అచ్చంగా కోనసీమదే. అక్కడ అడగ్గానే అవునంటే ఆశపోతు అంటారు. పంక్తిలో కూర్చున్నవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటూనే ఉంటాడు, వడ్డించేవాడు వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తూనే ఉంటాడు. అలా వద్దనడం మర్యాద, మళ్ళీ అడగడం అంతకన్నా మర్యాద. గిరిజాకుమారి తన వంతు మర్యాద చేసేసి, కళ్ళు దించుకుని నుంచుంది.

డెక్లన్ ఒక్క క్షణం చూశాడు. పాపం, మనస్ఫూర్తిగానే చూశాడు. "నీ నిర్ణయాన్ని గౌరవిస్తాం, గిరిజా. గ్రాండ్. ఇంకెవరైనా?"

పాత కౌన్సిలర్ మేనల్లుడు కెవిన్ పేరు ఎవరో చెప్పారు. నిలబడతావా అని అడిగితే అతను, "సంతోషంగా," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇంకా నుంచునే ఉన్న గిరిజాకుమారి తనూ కొట్టింది. కొట్టాక కూర్చుంది.

ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ కనబడలేదు. ఎవరూ తోసెయ్యలేదు, మోసం చెయ్యలేదు. అడిగారు, తనే వద్దంది. 

ప్రిస్కిల్లా పక్క కుర్చీలోకి జరిగింది. "అదేంది అక్కా, ఎందుకట్టా అన్నావు?"

"ఇంకోసారి అడుగుతారనుకున్నానే."

"ఇప్పుడన్నా లేచి చెప్పక్కా. డెక్లన్ ఏమీ అనుకోడు."

"ఇప్పుడెలా చెప్తానే? చప్పట్లు కూడా కొట్టేశాను."

సభ ముగిసింది. జనం పులిహోర చుట్టూ మూగారు. డెక్లన్ బాయిలరు దగ్గర్నుంచి కేకేశాడు. "గిరిజా, టీ?"

"వద్దు."

"ఒక్క కప్పు."

"నిజంగా వద్దు, డెక్లన్."

"అబ్బే, తాగుతావులే." కప్పు తెచ్చి చేతిలో పెట్టాడు, పక్కన ఓ బిస్కెట్టు కూడా.

ఆవిడ ఆ కప్పు వంక చూసింది. అయితే వీళ్ళకీ తెలుసన్నమాట. ఒకసారి వద్దన్నవాళ్ళని రెండోసారీ, మూడోసారీ అడగాలని తెలుసు. బిస్కెట్టుతో సహా కప్పుని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

కెవిన్ వచ్చాడు. మంచి కుర్రాడే, బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "ప్రచారంలో ఇండియన్ల ఇళ్ళన్నీ నువ్వే చూసుకోవాలి, గిరిజా. సోమవారం నుంచి మొదలుపెడదాం."

"లేదు కెవిన్. నేను చెయ్యను."

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆవిడ అలాంటి మాట అనడం ఇదే మొదలు.  కెవిన్ హాయిగా నవ్వాడు. "చేస్తావులే!" చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. "నువ్వు లేకపోతే మాకు గడుస్తుందా?" అన్నాడు డెక్లన్, భుజం తడుతూ. మోరీన్ అప్పటికే కొత్త కరపత్రాల కట్ట తెచ్చి ఆవిడ కుర్చీ మీద పెట్టింది. కావాలని అనలేక వద్దన్న మాటని అక్షరాలా పట్టుకున్నారు. వద్దనుకుని వద్దన్న మాట ఒక్కరికీ పట్టలేదు. మర్యాద అటూ ఇటూ రెండు తలుపులూ వేసేసింది, మధ్యన తను.

గిరిజాకుమారి చీర మీద వానకోటు తొడుక్కుంది. గుండీలు నెమ్మదిగా, ఒకటొకటే పెట్టుకుంది. కుర్చీ మీద కట్ట ముట్టుకోలేదు. పులిహోర గిన్నె కూడా అడగలేదు.

"వెళ్తున్నానే," అంది ప్రిస్కిల్లాతో.

వెళ్ళొస్తానని అనకపోవడం ప్రిస్కిల్లా ఒక్కతే గమనించింది. లేచి గుమ్మం దాకా వెళ్ళేసరికి, పొట్టి మనిషి వానకోటులో మోకాలు సర్దుకుంటూ ట్రామ్ స్టాపు వైపు వెళ్ళిపోతోంది. వెనక్కి తిరగలేదు.

గది ఖాళీ అవుతోంటే డెక్లన్ కుర్చీల వంక చూసి, "గిరిజ ఏది?" అన్నాడు. ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుందన్నారెవరో. కాసేపు చూసి, తనే ఒక కుర్చీ మడవబోయాడు. అది ఎలా మడవాలో అతనికి తెలియలేదు.

కిటికీ గట్టు మీద ఆవిడ కప్పు, అంచుదాకా టీతో, మీగడ కట్టి, పక్కన బిస్కెట్టుతో అలాగే ఉంది.