ముప్పై రెండు అంకెలు

దశరథ్‌కి ఫోన్ల గురించి బాగా తెలుసు. తనకు బాగా తెలుసన్న సంగతి ఇంకా బాగా తెలుసు. తాండూరు బస్టాండు దగ్గర పదకొండేళ్ళుగా సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాడు. ఫోను వెనకవైపు ఒకసారి చూసి, అరచేతిలో బరువు చూసుకుని, లోపల ఏముందో ఏం లేదో చెప్పేస్తాడు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం, షాపు కిటకిటలాడుతున్న వేళ, మొగులమ్మ వచ్చింది. ఆమెది పెద్దేముల్. రోజూ పొద్దున్నే ఆటోలో తాండూరు చేరి, రైలెక్కి వికారాబాద్ వెళ్ళి, అక్కడొక కాన్పుల దవాఖానాలో ఆయమ్మగా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళలో ఎందరు బాలింతలకు నడుం కట్టిందో, ఎందరు పసిపిల్లలకు తొలి స్నానం పోసిందో లెక్కలేదు. ఒక్కతే కూతురు ప్రియదర్శిని జర్మనీలో నర్సు. అల్లుడు ఓడల మీద పనిచేస్తాడు, ఎప్పుడూ సముద్రం మీదే ఉంటాడు. ఏప్రిల్ చివర్లో కూతురికి తొలికాన్పు. తొలికాన్పు తల్లి చేతుల మీద జరగాలి గనక తల్లే బయల్దేరాలి. వీసా వచ్చింది, టికెట్టు కూడా అయింది.

దోహాలో విమానం మారాలి. మొగులమ్మకు చదువు రాదు. అందుకని ప్రియదర్శిని ఒక ఉపాయం చెప్పింది. తల్లి ఫోనులో ఈ-సిమ్, అంటే చిప్పు వేయనక్కర్లేకుండా నెట్టు ద్వారానే ఫోనులోకి వచ్చే సిమ్, పనిచేసేట్టయితే తానే అక్కణ్ణించి ఒకటి కొని పంపుతుంది. దోహాలో దిగీ దిగగానే నెట్టు వస్తుంది. వీడియోలో బోర్డులు చూపిస్తే ఎటు నడవాలో కూతురే చెబుతుంది. అది లేకపోతే మాత్రం ఒంటరిగా బయల్దేరవద్దంది. ఫోను ఏ రకమో తల్లి చెప్పలేకపోయింది. ఎవరైనా షాపాయనకు చూపించమంది కూతురు.

"కొడుకా, గీ ఫోన్ల ఈ-సిమ్ము నడుస్తదా జర చూడు. నా బిడ్డ అడుగుమన్నది."

దశరథ్ ఫోను కంటే ముందు మనిషిని చూశాడు. వెలిసిపోయిన నూలు చీర, హవాయి చెప్పులు. తర్వాత ఫోను చూశాడు. చిరిగిన కవరు, దానికి రబ్బరు బ్యాండు, మూలన పగిలిన అద్దం. కవరు తీసి కూడా చూడలేదు.

"గది పెద్ద పెద్ద ఫోన్లల్ల ఉంటది పెద్దమ్మా. గిండ్ల ఉండది."

"జర నొక్కి చూడరాదు."

"నొక్కెటిదేమున్నది? చూస్తెనే తెలుస్తలేదా?"

మొగులమ్మ ఫోను అందుకుని, "మంచిది కొడుకా" అని వెళ్ళిపోయింది.

చూడడానికి అర నిమిషం చాలు. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్. రిపేరుకు తీసుకునే ప్రతి ఫోనులోనూ దశరథ్ రోజుకు ఇరవైసార్లు నొక్కే నంబరే అది. తెరమీద పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు, వస్తుంది. రేపు ఎవరూ ఫోను మారిపోయిందని తగువుకు రాకుండా దాన్ని రిజిస్టరులో రాసుకోనిదే స్క్రూ విప్పడు. ఈ-సిమ్ ఉన్న ఫోనైతే అదే తెరమీద ఈఐడీ అని ఇంకో వరుస వస్తుంది, ముప్పై రెండు అంకెలది. అదీ అతనికి తెలుసు. కానీ ఆమె రిపేరుకు రాలేదు, ఊరికే ఒక మాట అడగడానికి వచ్చింది. ఊరికే అడిగేవాళ్ళకు అంత మర్యాద అక్కర్లేదనుకున్నాడు మన పెద్దమనిషి.

నవంబరులో మొగులమ్మ మళ్ళీ వచ్చింది. అద్దం మొత్తం పగిలిపోయింది, మార్చమంది. ఆమె ముఖం గుర్తొచ్చింది గాని ఆ మాట గుర్తు రాలేదు దశరథ్‌కి. అలవాటు చొప్పున రిజిస్టరు తెరిచాడు, అలవాటు చొప్పున నంబరు నొక్కాడు. ఐఎంఈఐ కంటే పైన ఇంకో వరుస ఉంది. ఈఐడీ. ముప్పై రెండు అంకెలు.

అప్పుడు గుర్తొచ్చింది. కవరు తీసి చూశాడు. నాలుగైదేళ్ళ కిందటిదే అయినా ఖరీదైన ఫోను.

"గీ ఫోను ఏడిది పెద్దమ్మా?"

"మా డాక్టరమ్మది. ఆమె కొత్తది కొనుక్కొని గిది నాకిచ్చింది."

"మరి బిడ్డ కాన్పుకు పోయినవా?" అవునంటే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ అడిగాడు.

"ఏడ పోయిన? ఫోన్ల గది లేదంటివి గద. టికెట్టు వాపస్ చేసిండ్రు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతనికి మరీ కష్టమైంది. "పందొమ్మిది గంటలు నొప్పులు పడ్డదట. ఆఖరుకు కోసి తీసిండ్రు. ఆడపిల్ల. అదే పొద్దు నేను వికారాబాద్‌ల ఎవ్వలదో పిల్లకు తానం పోస్తున్న."

చెప్పకుండా ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. పదిహేను అంకెలు రాసుకుని, అద్దం మార్చి పంపేయవచ్చు. దశరథ్ పెన్ను పట్టుకుని అలా కాసేపు కూర్చున్నాడు. కానీ ఎదురుగా ఆమె స్టూలు మీద ఒద్దికగా కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, నేను తప్పు చెప్పిన. గీ ఫోన్ల ఉన్నది. ఆనాడు నేను చూడనే లేదు."

ఆమె తెరవైపు చూసింది. ఆ అంకెలు ఆమెకేం చెబుతాయి? తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నీకొక మాట చెప్త, ఎవ్వలకు చెప్పలె గిది," అంది మొగులమ్మ మెల్లగా. "నువ్వు లేదన్ననాడు నాకు పాణం నిమ్మలమైంది కొడుకా. తెల్వని దేశంల ఒక్కదాన్ని దిగుడంటె మస్తు భయముండె. బిడ్డకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేకుండె. నువ్వొక మాటన్నవు. నేను గదే పట్టుకున్న. బిడ్డ కొత్త ఫోను కొనుక్కొమ్మన్నా వద్దన్న. మా డాక్టరమ్మను ఒక్కసారి అడిగితె ఆమె ఫోన్ల ఏమున్నదో ఆమె చెప్పకపోవునా? అడగలె."

ఈ మాటతో దశరథ్ మనసు తేలికపడాలి. పడలేదు. ఆ రోజు తాను ఉందని ఉంటే ఆమె భయపడుతూనే విమానమెక్కి ఉండేది. భయపడుతూనే కూతురి పక్కన కూర్చునేది. చూడకుండా అన్న తన మాట వెళ్ళి ఆమె భయానికి తోడైంది.

ఇంతలో బల్లమీది ఫోను మోగింది. ప్రియదర్శిని వీడియో కాల్. పగుళ్ళ వెనక ఆమె ముఖం, భుజం మీద పాప.

"ఏడున్నవమ్మా?"

"తాండూర్ల, ఫోన్ల షాపుల. అద్దం మారుస్తున్నరు."

"ఆ అన్నకు జర ఇయ్యి." మొగులమ్మ ఫోను అందించింది. "అన్నా, గది బాగుచేసుడెందుకు? ఈ-సిమ్ ఉన్న ఫోను ఒకటి అమ్మకియ్యి. వచ్చే ఎండకాలం ఎట్లన్న పిలిపించుకుంట."

మొగులమ్మ దశరథ్‌ని చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతనికి ఆమె భయం అర్థమైంది. కానీ ఆ ఫోను గురించి ఇంకో అబద్ధం అతని నోట రాలేదు.

"చెల్లె, గీ ఫోన్లనే ఉన్నది. ఆనాడు గూడ ఉండె. చూడకుంటనే లేదని చెప్పిన. తప్పు నాది."

పాప ఏదో కూనిరాగం తీస్తోంది.

"గది చూసుడు ఎంతసేపు, అన్నా?" అంది ప్రియదర్శిని. కోపంగా అనలేదు. "పందొమ్మిది గంటలు అమ్మా అమ్మా అనుకుంట పండుకున్న నేను. ఆడ ఉన్నోళ్ళల్ల ఒక్కలకు గూడ ఆ మాట తెల్వది."

మొగులమ్మ లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఆయన్ను ఏమనకు బిడ్డా. ఉన్నదని ఆయన చెప్పినా నేను ఇంకో సాకు దేవులాడుకుందును. నాకు భయమయింది. గందుకే రాలె."

ప్రియదర్శిని పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. తల్లినే చూస్తూ ఉంది.

"నాకు గూడ భయమయిందమ్మా," అంది.

మొగులమ్మ ఫోనును ముఖానికి ఇంకా దగ్గరగా పట్టుకుంది. దశరథ్ రిజిస్టరు దగ్గరికి లాక్కుని, మొగులమ్మ పేరుకెదురుగా 'ఈ-సిమ్ ఉన్నది' అని రాశాడు.