ఇద్దరి దుప్పటి

తెల్ల దుప్పటి నేల మీద పరిచి, ఒకరు పడుకుంటే ఇంకొకరు సుద్దముక్కతో ఒంటి చుట్టూ గీత గీశారు. ఆ గీతల మీద ఫరీహా జరీ దారంతో మగ్గం పని కుట్టింది. లోపల సుజన చెక్క అచ్చులతో రంగులద్దింది. నిద్రలో ఇద్దరూ ఒకరిలో ఒకరు ఎలా ఒదిగేవారో అలాగే వచ్చింది బొమ్మ. చలికాలమంతా పట్టింది.

అది పూర్తయిన కొన్నాళ్లకే ఫరీహా బట్టలు సర్దుకుని వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. లొల్లేమీ జరగలేదు. "ఇగ నాతోని అయితలేదు సుజీ" అంది. సుజన సంచి అందించింది. ఏడుపొస్తుందని ఎదురుచూసింది గానీ రాలేదు. పురానాపూల్ గదిలో వండుకుంది, తింది, పడుకుంది.

పాతబస్తీలో గాజుల దుకాణాల పైనున్న ఫంక్షన్ హాల్లో ఎగ్జిబిషన్. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ట్రాన్స్ కళాకారులు, అందరినీ పోగేసింది ప్రేమ్‌రాజ్. అక్కడ గోడకు పెడతామన్న దుప్పటిని తీసేస్తామని ఇద్దరూ అంటే అతను చేతులు పట్టుకున్నాడు.

"గోడంత బోడిగైతది. ఒక్కరోజు పక్కపక్కన నిలవడుండ్రి, చాలు."

నిలబడ్డారు. వచ్చినవాళ్లు అడిగిందల్లా చెప్పారు. "మిమ్మల్ని చూస్తే ధైర్యమొస్తుంది అక్కా" అంటూ ఒక కాలేజీ అమ్మాయి ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. ఫరీహా భుజం తన భుజానికి తగిలినా సుజనకు ఏమీ అనిపించలేదు, బస్సులో ఎవరో తగిలినట్టే ఉంది.

మధ్యాహ్నం దాటాక మెట్లెక్కి వచ్చింది రాజమణి, సుజన తల్లి. ఫరీహా సంగతి తెలిసిన నాటి నుంచి ఆమె కూతురి గడప తొక్కలేదు. ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన పిలుపు చూసి వస్తుందని సుజన అనుకోలేదు. దుప్పటి ముందు రాజమణి చాలాసేపు నిలబడింది. తర్వాత ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఫరీహా, ఐతారం ఇంటికి రా బిడ్డా. అన్నం తిందువు."

సుజన నోరు తెరిచేలోపే "వస్తా అమ్మీ" అంది ఫరీహా.

ఆదివారం రాజమణి ఇంటికి ఫరీహా వచ్చింది కూడా. రాజమణి చింతచిగురు మటన్ వండింది, కొసరి కొసరి వడ్డించింది. వాళ్లిద్దరూ చింతచిగురు ధర గురించి, మూసీ దోమల గురించి మాట్లాడుకున్నారు. సుజన మంచినీళ్లు పోస్తూ కూర్చుంది. ఆటో ఎక్కేముందు ఫరీహా మెల్లగా అడిగింది.

"మన సంగతి అమ్మీకి చెప్పలేదా?"

"చెప్పలే."

"చెప్పు మరి. ఆమెను గట్ల ఉంచకు."

ఆటో అఫ్జల్‌గంజ్ వైపు మళ్లింది. సుజన లోపలికొచ్చి, గిన్నెలు తోముతున్న తల్లి వెనుక నిలబడింది.

"అమ్మా, ఫరీహా ఇగ రాదు."

రాజమణి నల్లా కట్టేసింది.

"తెల్సు. ఆడనే తెల్సింది నాకు, మీ మొఖాలు చూస్తనే."

"మరెందుకు పిలిచినవ్?"

"గన్ని దినాలు నీతోని ఉన్నది. ఒక్కపారన్న పిలిచి బుక్కెడన్నం పెట్టలే నేను." తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నువ్వేం తినలే. కూసో."

సుజన కూర్చుంది. తల్లి కంచం పెట్టింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటే పులుపు తెలిసింది. ఇంకొంచెం వేయమంది.