గుంత నీళ్ల వాన

ఆకాశంలో మబ్బు తునక లేదు. మే నెల ఎండ నాపరాతి బండల మీద పడి మళ్లీ మొహానికే కొడుతోంది. అయినా తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో, పాండురంగం బండల గనిలో వాన కురిసింది. ముప్పై అడుగుల మేర, హీరోయిన్ నిలబడ్డ చోట మాత్రమే కురిసింది. ఆమె తడుస్తూ నవ్వింది. డైరెక్టరు 'కట్' అనగానే వాన ఆగింది. తువ్వాళ్లు పట్టుకుని నలుగురు పరుగెత్తారు. నేల ఆ నీళ్లను గుటుక్కున మింగేసింది.

నెత్తిమీది రాళ్ల తట్ట దించి బుగ్గమ్మ చూస్తూ నిలబడింది. ఆమె చూస్తున్నది వానను కాదు, గొట్టాన్ని. అది ఎత్తైన ఇనుప చట్రం మీది నుంచి దిగి, బండల మీదుగా పాకి, పాత గుంతలోకి పోయింది. రాయి తీసి వదిలేసిన ఆ గుంతలో నిలిచిన నీళ్లే నలభై గుడిసెల కూలీలకు తాగు నీళ్లు. తొలకరి దాకా అవే దిక్కు. గుడిసెలో ఆమె బిడ్డ దేవమ్మ పది రోజుల బాలింత.

"అయ్యో, గవి మేం తాగే నీళ్లు పటేలా!" అని అరిచింది.

"గుంత నాది, నీళ్లు నాయి. నువ్వు పోయి తట్ట మొయ్యి" అన్నాడు గుత్తేదారు పాండురంగం. మద్రాసు పెద్దమనుషుల పక్కన ఆయన ఆ రోజు మస్తు హుషారుగా ఉన్నాడు.

ఆ సినిమా తీస్తున్నది మామూలు స్టూడియో కాదు. మూడేళ్ల కింద వాళ్లు తీసిన రైతుల సినిమా తాండూరు డేరా టాకీసులో యాభై రోజులు ఆడింది. యాలాల్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చి మరీ చూశారు. బుగ్గమ్మ మూడుసార్లు చూసి మూడుసార్లూ ఏడ్చింది. అందులో కౌలు రైతులు దొర ముందు చెప్పులు విప్పేది లేదని ఎదురు తిరుగుతారు. అది చూసొచ్చిన మర్నాడే గని కూలీలు పాండురంగం ముందు చెప్పులతో నిలబడ్డారు. సంఘం అలా పుట్టింది. కాబట్టి ఆ స్టూడియో మీద వాళ్లకున్నది ఉత్త మోజు కాదు, నమ్మకం.

సాయంత్రం గుడిసెల ముందు సంఘం కూర్చుంది. ఇంజన్ డ్రైవరు కరీముద్దీన్ సంఘానికి పెద్ద. గుంతలోని నీళ్లు తోడే పంపు ఇంజన్ నడిపేదీ ఆయనే.

"నువ్వే గద భాయ్ ఇంజన్ నడిపిస్తివి?" అని రాళ్లు చీల్చే యాదగిరి నిలదీశాడు.

"నౌకరి అని నడిపిన. రేపు బంద్ చేస్త. అందరు నా ఎంబడి ఉంటరా?"

బుగ్గమ్మ అడ్డు తగిలింది. "జర ఆగుర్రి. గసొంటి సినిమా తీసినోళ్లు మన నోట్ల మన్ను కొడ్తరా? తెల్వక చేస్తున్నరు. పోయి అడుగుదాం."

"సినిమా మంచిదే అక్కా. తీసెటోడు ఎవల దిక్కు ఉన్నడో గది చూడాలె" అన్నాడు కరీముద్దీన్. కానీ చేతులన్నీ బుగ్గమ్మ మాటకే లేచాయి.

మర్నాడు బుగ్గమ్మ అడగడానికి వెళ్తే డైరెక్టరు లేచి దణ్ణం పెట్టాడు. కుర్చీ వేయించాడు. "ఈ సినిమా మీ గురించేనమ్మా. మీ కష్టాన్ని దేశమంతా చూస్తుంది. రెండు రోజులు ఓపిక పట్టండి, ట్యాంకరుతో నీళ్లు తెప్పిస్తాను" అన్నాడు. బుగ్గమ్మ పొంగిపోయి తిరిగొచ్చింది.

ట్యాంకరు రాలేదు. వాన మాత్రం రోజుకు పదిసార్లు కురిసింది. మూడో రోజు పొద్దున గుంతలో మిగిలింది అడుగు నీళ్లు, కింద బురద. దేవమ్మ గుడ్డలో వడగట్టిన నీళ్లు తాగి వాంతి చేసుకుంది. బుగ్గమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నా మాట విని రెండు రోజులు పోగొట్టుకున్నరు. తప్పు నాది" అని అందరి ముందూ చెప్పింది. "బిందెలు తీసుకుని రార్రి."

ఆ రోజు తీసే సీనులో కూలీలంతా వానలో ఆనందంతో గంతులు వేయాలి. వాన మొదలైంది. ఒక్కరూ గంతు వేయలేదు. యాభై మంది ఆడవాళ్లు వాన కింద బిందెలు పట్టి నిలబడ్డారు. పాండురంగం బూతులు అందుకున్నాడు. డైరెక్టరు మాత్రం ఎగిరి గంతేశాడు.

"ఆపకండి! అద్భుతం! కెమెరా తిప్పండి! అమ్మా, బిందె ఇంకొంచెం పైకెత్తండి. ముఖంలో దాహం కనపడాలి!"

అడగడానికి పోతే ఓపిక పట్టమన్నాడు. ఎదురు తిరిగితే దాన్నీ బొమ్మ తీసుకుంటున్నాడు. బుగ్గమ్మ బిందె దించింది.

"దాహం నీకు బొమ్మ సారూ, మాకు పానం మీదికొచ్చింది. నడువుర్రే, గుంత కాడికి!"

గుంపంతా కదిలింది. కరీముద్దీన్ ఇంజన్ ఆపి, హ్యాండిలు ఊడబీకి, గుంత బురదలోకి విసిరేశాడు. వాన ఆగింది. రెండు వందల మంది గుంత చుట్టూ కూర్చున్నారు.

డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. "నేను మీ మనిషినమ్మా! ఈ సినిమా ఆగిపోతే నష్టం మీకే!"

బుగ్గమ్మ తన పక్కన తడి నేలను చేత్తో చరిచింది. "మా మనిషివైతే రా, ఈడ కూసో."

ఆయన ఆ నేలను చూశాడు. వెనక నిలబడ్డ పాండురంగాన్ని చూశాడు. కూర్చోలేదు.

మధ్యాహ్నానికి పోలీసు లారీ వచ్చింది. లాఠీలు లేచాయి, బిందెలు సొట్టలు పడ్డాయి. యాదగిరి నుదురు చిట్లింది. అయినా జనం గుంతను వదల్లేదు. చివరికి కరీముద్దీన్‌నూ బుగ్గమ్మనూ ఈడ్చుకుపోయి లారీలో పడేశారు.

లారీ కదలబోతుండగా గుడిసెల వైపు నుంచి ఎవరో వస్తూ కనిపించారు. పురుడైన ఇరవై ఒక్క రోజుల దాకా గడప దాటకూడని దేవమ్మ, తలకు గుడ్డ కట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని బండలు ఆసరాగా పట్టుకుంటూ వచ్చింది. తల్లిని ఈడ్చుకుపోయిన చోట కూర్చుంది.

"పచ్చి బాలింతవు, ఇంటికి పో" అన్నాడు జమేదారు, లాఠీ దించి.

"నీళ్లు లేని ఇంట్ల ఏం జెయ్యాలె?" అంది దేవమ్మ.

బుగ్గమ్మ లారీ ఊచలు పట్టుకుంది. లోపలికి పో బిడ్డా, ఎండ తగులుతది అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, రొమ్ము పగిలేలా అరిచింది.

"ఆడికెల్లి జరగకు బిడ్డా! జరగకు!"

గుంత చుట్టూ ఉన్న రెండు వందల గొంతులు ఆ మాటనే అందుకున్నాయి.