నలభై సంతకాలు

బట్టల మూట చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్లిన దర్జీని వార్డరు వెనక్కి నెట్టేశాడు. నా కళ్లతో చూశాను. పొద్దున్నే మా అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు పాపం.

"ఈరోజుతో నా శిక్ష అయిపోయింది సార్! ఏడాది చదువుకుంటే మూడు నెలలు తగ్గిస్తామన్నారు కదా. మా అమ్మకు చూపు పోతోంది. పూర్తిగా పోకముందే నా మొహం చూడాలంటోంది."

జైలరు ఒక కాగితం ముందు పెట్టాడు. "ఇది నీ సంతకమేనా?"

"నాదే సార్," అన్నాడు దర్జీ. ఆ గొంతులో ఇంకా గర్వమే ఉంది.

"శిక్ష తగ్గింపు అక్కర్లేదు, రోజంతా కుర్చీల షెడ్డులోనే పనిచేస్తానని రాసిచ్చావు. ఇక లోపలికి నడు."

రాసిచ్చింది దర్జీ ఒక్కడే కాదు, తరగతిలోని నలభై మందీ. సమ్మె చేసి జైలుకొచ్చిన బడిపంతుల్ని నేను. వాళ్లకు చదువు చెప్పింది నేనే. ఒక పూట చదువు, ఒక పూట పని అన్నది ఉత్తర్వు. దాంతో షెడ్డు కాంట్రాక్టరుకు సగం రోజు పని పోయింది. వాడు ఊరుకుంటాడా? జైలర్ని పట్టాడు. వేలిముద్ర వేయాలంటే వీళ్లకు సిగ్గు. అందుకని ముందు సంతకం నేర్పాను, చదవడం నిదానంగా వస్తుందిలే అనుకున్నాను. నెల తిరక్కుండానే జైలరు హాజరు కాగితమంటూ ఒకటి పంపాడు. నలభై మందీ ఎగబడి సంతకాలు చేశారు. నేను పక్కనే నిలబడి మురిసిపోయాను తప్ప ఒక్క లైను చదవలేదు. మర్నాటి నుంచి తరగతి సాయంత్రానికి మారింది. ఆర్డర్లు ఎక్కువున్నాయన్నారు, నమ్మాం. ఇంత ద్రోహం నా జన్మలో చూడలేదు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

బ్యారక్‌లో లారీ డ్రైవరు నా మీద విరుచుకుపడ్డాడు.

"నీ చదువు తగలెయ్య! వేలిముద్రే నయం. అప్పుడైతే ఏం రాశారో ఎవణ్ణయినా అడిగేవాళ్లం. సంతకం వచ్చాక అడగడానికి నామోషీ అయింది."

"తప్పు నాదే," అన్నాను.

"మనలో మనం కొట్టుకుంటే కాంట్రాక్టరుకే లాభం," అన్నాడు తాపీమేస్త్రి. "రేపు షెడ్డుకి వెళ్దామా వద్దా, అది తేల్చండి."

"వెళ్లకపోతే ములాఖత్‌లు కూడా పీకేస్తారు," ఎవడో గొణిగాడు.

"వెళ్తే ఇచ్చేస్తారేంట్రా, పోయిన మూడు నెలలూ?" అన్నాడు డ్రైవరు.



మర్నాడు గంట కొట్టినా షెడ్డులోకి ఎవరూ పోలేదు. నలభై మందీ ఆవరణలో బైఠాయించారు. జైలరు పరుగున వచ్చి, ఎక్కడలేని ప్రేమతో దర్జీ భుజం మీద చెయ్యేశాడు.

"నీ సంగతి పైవాళ్లతో మాట్లాడానోయ్. ఇక్కడ సంతకం పెట్టు. మధ్యాహ్నానికి మీ అమ్మ దగ్గరుంటావు."

దర్జీ కాగితం అందుకున్నాడు. పెట్టేస్తాడనే అనుకున్నాను. పెట్టినా తిట్టే మొహం నాకు లేదు. అతను మాత్రం అక్షరాల మీద వేలు ఆనించి, కూడబలుక్కుంటూ పైకే చదవసాగాడు.

"మొ...దటి కా...గితం... మే...మంతా చది...వి, తె...లిసే సం...తకం పె...ట్టాం..."

అక్కడ ఆగిపోయాడు.

"నా ఒక్కడి సంతకంతో అందరి నోరూ నొక్కేస్తారా సార్?"

"మీ అమ్మ గురించి ఆలోచించుకో."

"అదే ఆలోచిస్తున్నా."

ఏడుస్తూనే ఆ కాగితం డ్రైవరు చేతిలో పెట్టాడు. డ్రైవరు పైకి చదివి మేస్త్రికిచ్చాడు. లాఠీలతో వచ్చిన వార్డర్లు ముందు నన్ను పట్టుకుని ఒంటరి కొట్టు వైపు ఈడ్చారు. తలుపు మూసేదాకా, తడబడుతూ చదువుతున్న గొంతులు ఒకటి తర్వాత ఒకటి వినిపిస్తూనే ఉన్నాయి. ఆ రోజు షెడ్డులో ఒక్క కుర్చీ కూడా తయారుకాలేదు.