ఆ స్లాట్‌లో ఉన్నది ఏ కార్డు?

“వానపాము చర్మంతోనే ఊపిరి పీల్చు—” అన్నంత వరకే రికార్డయింది. ఆ తర్వాత ఆరు నిమిషాల పాటు ఆమె గొంతు చించుకుని చదివిందంతా గాల్లో కలిసిపోయింది. మైకు మళ్ళీ పోయింది.

“నువ్వే ఏదో కదిపి ఉంటావు,” అన్నాడు భర్త హాల్లోంచి, ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా.

కదిపిందా? కదిపే ఉంటుందేమో. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి పంపే ఉద్యోగం ఆమెది. వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి మందులు, అన్నీ తెమిలాక ఇస్త్రీ గదిలో ఫ్యాన్ ఆపి, తలుపేసుకుని, చెమటలు కక్కుతూ చదువుతుంది. “నీలో నువ్వే మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారే,” అంటుంది అత్తగారు. నిన్న ఎడిటర్ మేడమ్ ఫోన్ చేసి, “ఇది మూడోసారమ్మా. శుక్రవారానికి పాఠం తెగకుండా రాకపోతే పుస్తకం ఇంకొకరికి ఇవ్వక తప్పదు,” అంది. “సారీ మేడమ్, పొరపాటు నాదే,” అని నాలుగుసార్లు చెప్పుకుంది. పక్కనే టీ తాగుతున్న భర్త అంతా విని, “మానెయ్యరాదూ, నీకెందుకొచ్చిన తంటా,” అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

అసలు ఈ గొడవ ఉండకూడదనే కదా కొత్త యూఎస్‌బీ కార్డు కొన్నది! ఆమెది పాత కంప్యూటర్, విండోస్ కాకుండా లైనక్స్ మీద నడుస్తుంది. వైర్లు తగిలించే వెనక పోర్టులు పాడయ్యాయని, లోపల స్లాట్‌లో బిగించే కార్డు కోసం మూడు వారాలు కూర్చుని ఇంటర్నెట్ ఫోరమ్‌లన్నీ జల్లెడ పట్టింది. చిప్ పేరు చెప్పని కార్డుని నమ్మలేదు. డ్రైవర్ సీడీ ఇస్తామన్నదాన్ని అసలే నమ్మలేదు, కార్డుని పనిచేయించే ఆ డ్రైవర్ లైనక్స్‌లోనే ఉండాలి. మైకు, హార్డ్‌డిస్కు, రికార్డింగ్ ఆపే కాలి పెడల్, మూడూ ఒకేసారి తగిలించినా కరెంటు చాలాలి కాబట్టి, పవర్ సప్లై నుంచి విడిగా వైరు తగిలించుకునే సాకెట్ ఉన్నదే కావాలనుకుంది. పెళ్ళికి ముందు ఈయన్ని కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు. కార్డు రాగానే, “నువ్వు బిగిస్తే ఏదో ఒకటి విరగ్గొడతావు, నేను చూస్తాగా,” అన్నాడాయన. ఆమె గిన్నెలు తోమి వచ్చేసరికి బిగించేశాడు కూడా. ఎంత మురిసిపోయిందో!

నెల రోజుల నుంచీ మైకుని అనుమానించింది, కేబుల్‌ని అనుమానించింది, మొన్నటి అప్‌డేట్‌ని, చివరికి తన మోచేతిని కూడా. తను ఏరికోరి తెచ్చుకుంది కాబట్టి కార్డుని మాత్రం అనుమానించలేదు. ఇవాళ ఏది ఎప్పుడు పోయిందో కంప్యూటర్ రాసుకునే లాగ్ తెరిచి చూస్తే, మైకు ఒక్కటే కాదు, డిస్కూ పెడలూ కూడా అదే సెకనులో పోయాయి. ఒక్క మోచెయ్యి మూడు వైర్లని ఒకేసారి ఎలా కదుపుతుంది? మెషిన్‌లో ఏ కార్డులున్నాయో చెప్పే కమాండ్ కొట్టింది. వచ్చిన చిప్ పేరు, ఆమె మూడు వారాలు బట్టీ పట్టిన పేరు కాదు.

షాపువాడు మోసం చేశాడు! ఒళ్ళు మండిపోయి ఫోన్‌లో ఫిర్యాదు సగం టైపు చేసేసింది. ఫొటో కూడా పెడదామని మెషిన్ ఆపి పక్క రేకు ఊడదీసింది. లోపలున్న కార్డుకి పవర్ సాకెట్టే లేదు. పైగా దాని మీద దుమ్ము, మామూలు దుమ్ము కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లటి దుమ్ము. నెల కిందట కొన్న కార్డుకి ఇంత దుమ్ము ఎక్కడిది?

ఫిర్యాదు చెరిపేసి హాల్లోకి నడిచింది. భర్త అప్పుడే గేమ్‌కి కూర్చున్న కంప్యూటర్‌కి పక్కన అద్దం ఉంటుంది, లోపల నీలం లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో, పవర్ వైరు తగిలించుకుని, తళతళలాడుతూ ఆమె కార్డు.

“ఇది నాది కదండీ?”

“రెండూ ఒకటేలేవోయ్,” అన్నాడు. “నా పాతది ఊరికే కనెక్షన్ తెంపేస్తోంది, గేమ్ మధ్యలో చిరాకు. నీకు చదువుకోడానికేగా, సరిపోతుందనుకున్నా.”

“తెంపేస్తోందని తెలిసే పెట్టారా?”

“అబ్బా, ఇప్పుడేమైందని?”

“మార్చినప్పుడే అన్నాను, దానికో మాట చెప్పి మార్చరా అని,” అంది సోఫాలోంచి అత్తగారు.

అయితే ఈవిడకీ తెలుసు. “సారీ మేడమ్” అన్న ప్రతిసారీ ఇద్దరూ విన్నారు. విని, టీ తాగారు.

ఆయన “ఏయ్, సేవ్ చేసుకోనీ” అంటుండగానే స్విచ్ కట్టేసింది, కార్డు విప్పింది, తన గదిలోకి తీసుకెళ్ళి తనే బిగించుకుంది. ఏమీ విరగలేదు. పాఠం మొదటి అక్షరం నుంచి ఆఖరి ప్రశ్న దాకా ఒక్క బిగిన చదివేసింది.

మెయిల్ రాస్తుంటే అత్తగారు గుమ్మంలోకొచ్చింది. “ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ అమ్మాయ్. మీ మేడమ్‌తో మిషన్ బాగుపడిందని చెప్పు, చాలు.”

“సరే అత్తయ్యా, మీరు పడుకోండి,” అంది. పాఠం జత చేసింది. ఇన్నాళ్ళూ తెగిపోవడానికి కారణం మైకూ కాదు, నేనూ కాదు అని రాసింది. ఒక్క క్షణం ఆగి, ఎవరో కూడా రాసి, పంపేసింది.